ఇంట్లో చదివించాలా, బడికి పంపాలా: ప్రత్యేక అవసరాలు గల పిల్లల తల్లిదండ్రుల కోసం ఒక పోలిక

ప్రతి జూన్‌లో బడిబాట పేరిట టీచర్లు వాడవాడకూ తిరిగి బడి ఈడు పిల్లల పేర్లు రాసుకుంటారు. మా వీధికి వచ్చినప్పుడు వాళ్లు మా గడప ముందు ఒక్క క్షణం ఆగి, "బాబు ఎక్కడ చదువుతున్నడమ్మా?" అని కాస్త తగ్గిన గొంతుతో అడుగుతారు. గడచిన ఎనిమిదేళ్లలో ఆ ప్రశ్నకు నేను నాలుగు రకాల జవాబులు చెప్పాను. మా అబ్బాయికి డౌన్ సిండ్రోమ్ ఉంది, అంటే పుట్టుకతోనే ఎదుగుదలా నేర్చుకోవడమూ నెమ్మదిగా ఉండే స్థితి. ఇప్పుడు పదమూడేళ్లు నిండాయి. మొదట హనుమకొండలో ఒక ప్రైవేటు బడిలో ఏడాదిన్నర ఉన్నాడు. "ఇతని వల్ల మిగతా పిల్లల చదువు వెనకబడుతోంది, తీసుకుపోండి" అని యాజమాన్యం చెప్పిన తర్వాత రెండేళ్ల పాటు పూర్తిగా ఇంట్లోనే చదివించాను. ఆ తర్వాత రెండేళ్లు ప్రత్యేక పాఠశాలకు పంపాను. ఇప్పుడు మా వాడలోని సర్కారు బడిలో అతని పేరు ఉంది. పొద్దటి పూట అక్కడ, మధ్యాహ్నం నుంచి ఇంట్లో నా దగ్గర చదువుకుంటున్నాడు.

ఇదే సందిగ్ధంలో ఉన్న తల్లిదండ్రులు నన్ను తరచుగా అడిగే మాట ఒకటే: "ఇల్లు మంచిదా, బడి మంచిదా?" నా అనుభవంలో ఇది సగం ప్రశ్న మాత్రమే. బడికి పంపినా పంపకపోయినా, స్నానం చేయడం, బట్టలు వేసుకోవడం, తన పేరు చెప్పడం, పది రూపాయలు ఇచ్చి చిల్లర తీసుకోవడం వంటివి చాలావరకు ఇంట్లోనే నేర్పవలసి ఉంటుంది. కాబట్టి అసలు తేల్చుకోవలసింది ఆ పని ఇంట్లో ఎవరు, రోజుకు ఎంతసేపు, ఎన్నాళ్లు చేయగలరన్నది. దానికి జవాబు దొరికితే, మిగతా సమయానికి ఏ బడి, ఎంత బడి అన్నది తేలికగానే తేలుతుంది.

## ముందుగా చూసుకోవలసినవి

మొదటిది, పిల్లవాడు వచ్చే ఒక్క ఏడాదిలో ఏమి నేర్చుకోవాలన్నది. పదేళ్ల తర్వాత ఏమవుతాడో అన్న బెంగతో బడిని ఎంచుకున్న ప్రతిసారీ నేను తప్పు చేశాను. ఒక ఏడాది లెక్క వేసుకోవాలంటే ముందు మదింపు చేయించాలి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో మొదలైన జాతీయ సంస్థ, ఇప్పుడు నీపిడ్ అని పిలుస్తున్నారు, మానసిక ఎదుగుదలలో లోపం ఉన్న పిల్లల కోసమే పనిచేస్తుంది. కాజీపేట నుంచి దాదాపు 130 కిలోమీటర్లు; పొద్దున రైలెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. తోడు లేకుండా ప్రయాణం చేయలేని ఇలాంటి పిల్లలకూ, వారి వెంట వెళ్లే ఒకరికీ స్లీపర్ ఛార్జీలో 75 శాతం రాయితీ ఉంది. వైద్యుని ధ్రువపత్రం దగ్గర ఉంచుకోవాలి. అక్కడ మా అబ్బాయిని పరీక్షించి, ఏ పని తానే చేస్తాడో, ఏది మాట సాయంతో చేస్తాడో, ఏది చేయి పట్టి చేయించాలో పద్దుల వారీగా రాసి ఇచ్చారు. ఆ కాగితం చూసిన రోజున నాకు సిగ్గనిపించింది. అప్పటికి రెండేళ్లుగా నేను వాడి చేత 'అ ఆ'లు దిద్దిస్తున్నాను. మరుగుదొడ్డికి వెళ్లి వచ్చాక కడుక్కోవడం మాత్రం నేర్పలేదు.

రెండవది, ఇంట్లో నేర్పే మనిషి. ఇది చాలా ఇళ్లలో తల్లి మీదే పడుతుంది, పడుతుందని ముందే అందరూ అనుకుంటారు కూడా. ఆ తల్లికి నిద్ర సరిపోతోందా, ఇంకో బిడ్డ ఉందా, అత్తమామల బాధ్యత ఎంత, ఆమె చేసే కూలి పనో ఉద్యోగమో ఆగిపోతే ఇల్లు నడుస్తుందా అన్నవి పిల్లవాడి వైద్య నివేదికతో సమానంగా లెక్కలోకి రావాలి. రోజుకు గంటన్నర ప్రశాంతంగా కూర్చోగల తండ్రి ఉంటే, రోజంతా విసిగిపోయిన తల్లి ఒక్కతే నేర్పడం కన్నా అది మేలు. నేను ఇంట్లో చదివించిన రెండవ ఏడాదిలో మా అమ్మాయి, అప్పటికి దానికి పదేళ్లు, "నన్నెప్పుడు చదివిస్తవ్ అమ్మా?" అని అడిగింది. ఆ మాట విన్నాకే నేను మార్పు గురించి ఆలోచించడం మొదలుపెట్టాను.

మూడవది దూరం. హైదరాబాదులో ఉన్నవాళ్లకు రాసిన సలహాలు మనకు పనికిరాకపోవడానికి ముఖ్య కారణం ఇదే. ములుగు నుంచి హనుమకొండకు దాదాపు 50 కిలోమీటర్లు. ఏటూరునాగారం, భూపాలపల్లి వైపు పల్లెల నుంచి రోజూ ప్రత్యేక పాఠశాలకు వచ్చి పోవడం కుదరని పని. మెడ నిలవని పిల్లవాణ్ని ఎత్తుకుని రెండు బస్సులు మారి, అలసిపోయి చేరుకున్న తర్వాత ఆ పిల్లవాడు నేర్చుకునేది ఏమీ ఉండదు. ఒక వైపు ప్రయాణం ముప్పావు గంట దాటితే ఆ బడి ఎంత మంచిదైనా వదులుకోవడమే మేలని నా అభిప్రాయం.

నాలుగవది తోటి పిల్లలు, ఐదవది చదివినట్టు చూపే పరీక్షల సర్టిఫికెట్. సర్టిఫికెట్ గురించి పిల్లవాడికి పద్నాలుగేళ్లు వచ్చేవరకు కంగారు పడనవసరం లేదు. తోటి పిల్లల గురించి మాత్రం మొదటి రోజు నుంచే ఆలోచించాలి, ఎందుకంటే ఇంట్లో మనం తేలేనిది అదొక్కటే.

## చట్టం ఇచ్చిన ఆసరా

ఎంపికలను చూసేముందు రెండు చట్టాల సంగతి తెలిసి ఉండాలి. 2009 విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ ప్రకారం, బహుళ వైకల్యాలు ఉన్న పిల్లలకూ తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలకూ ఇంటి వద్దే విద్య పొందాలని కోరుకునే హక్కు ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం లేదా అంతకు మించిన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు, దగ్గరి బడిలో గానీ తాము కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదువుకునే హక్కు ఇచ్చింది. అంటే ఇంటి చదువు, పక్క బడి, ప్రత్యేక బడి మూడూ చట్టం ఒప్పుకున్నవే. "మీ బాబును మేం చేర్చుకోలేం" అని ఏ సర్కారు బడి కూడా చెప్పరాదు.

పల్లెల్లో ఒక మాట వినిపిస్తుంది: పిల్లవాణ్ని బడికి పంపితే వికలాంగుల పింఛను ఆగిపోతుందని. అది నిజం కాదు. నెలకు 4,016 రూపాయల పింఛను వైకల్య ధ్రువీకరణను బట్టి వస్తుంది, బడికి వెళ్లడం వెళ్లకపోవడంతో దానికి సంబంధం లేదు.

## పక్క బడి, భవిత కేంద్రం

సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ బడి విద్యా పథకం కింద మండల కేంద్రాల్లో భవిత కేంద్రాలు నడుస్తున్నాయి. అక్కడ ఐఈఆర్పీలు అని పిలిచే ప్రత్యేక ఉపాధ్యాయులు ఉంటారు, నిర్ణీత రోజుల్లో ఫిజియోథెరపిస్టు వస్తారు. పిల్లవాడి పేరు పక్క బడిలో ఉంటుంది, భవితకు వచ్చి పోతూ తనకు కావలసిన శిక్షణ తీసుకుంటాడు. రవాణా భత్యం, తోడు వచ్చేవారికి భత్యం, బాలికలకు నెలకు 200 రూపాయల ఉపకార వేతనం ఈ పథకంలో భాగమే. అర్హత ఉన్నవారు బడి హెచ్ఎంను (ప్రధానోపాధ్యాయులను), ఎంఈవో (మండల విద్యాధికారి) కార్యాలయాన్ని అడగాలి.

ఈ మార్గంలోని మేలు తోటి పిల్లలే. మా అబ్బాయి మాట స్పష్టంగా ఉండదు. స్పీచ్ థెరపీలో ఏడాదంతా సాధించలేని ఒక మాటను బడిలో నెల రోజుల్లో నేర్చుకున్నాడు. ఆ మాట "నాది". మధ్యాహ్న భోజనం పళ్లెం కోసం పిల్లలతో పోట్లాడి నేర్చుకున్నాడు. ఇంట్లో వాడి పళ్లేన్ని ఎవరూ లాక్కోరు కాబట్టి ఆ మాటతో వాడికి అవసరం పడలేదు.

లోపం కూడా అక్కడే ఉంది. ముప్పై నలభై మంది ఉన్న తరగతిలో, రెండు తరగతులను ఒక్కరే చూసే బడిలో, టీచరుకు మనసున్నా సమయం ఉండదు. పిల్లవాడు వెనక బల్లలో కూర్చుని రోజంతా ఏమీ చేయకుండా ఇంటికి వచ్చే ప్రమాదం చాలా ఎక్కువ. దీనికి నేను కనుగొన్న ఉపాయం ఒక్కటే: రోజుకు ఒకే ఒక పని అడగడం. "మేడం, ఈ వారం వీడు హాజరు పట్టీ ఆఫీసు గదిలో ఇచ్చి వస్తే చాలు" అని చెబితే టీచరు సంతోషంగా చేయిస్తుంది. పాఠ్యపుస్తకం మొత్తం చెప్పమని అడిగితే మొహమాటంతో ఊరుకుంటుంది.

## ప్రత్యేక పాఠశాల

నేర్పడం వచ్చిన మనుషులు, చిన్న బృందాలు, ఒకేచోట థెరపీ, వృత్తి శిక్షణ: ప్రత్యేక పాఠశాలలో దొరికేవి ఇవి. అంతకంటే విలువైనది తల్లిదండ్రులకు దొరికే ఊరట. మొదటి రోజు నేను గేటు బయట గంటసేపు నిలబడి ఏడ్చాను. లోపల మా వాడు ఇడ్లీ తిని ఆడుకుంటున్నాడని ఆయమ్మ వచ్చి చెప్పింది.

ఎంచుకునేముందు కొన్నింటిని కళ్లారా చూడాలి. ఉపాధ్యాయులకు ప్రత్యేక విద్యలో శిక్షణ, భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉన్నాయా. పిల్లవాడికంటూ విడిగా రాసిన లక్ష్యాల పట్టిక ఉందా. ఆ పట్టికను మూడు నెలలకు ఒకసారి మనతో కూర్చుని చూస్తారా. మరుగుదొడ్డి దగ్గర ఎవరు సాయం చేస్తారు, ఆ మనిషి పిల్లవాడితో ఎలా మాట్లాడుతుంది. చివరిది అడిగితే తెలియదు, భోజనం తర్వాతి వేళలో వెళ్లి చూస్తేనే తెలుస్తుంది. తల్లిదండ్రులను లోపలికి రానివ్వని చోట పిల్లవాణ్ని వదలకూడదు.

వసతి ఉన్న పాఠశాలల విషయంలో నేను మరింత జాగ్రత్త చెబుతాను. మాట రాని పిల్లవాడు తనకు జరిగినదాన్ని చెప్పుకోలేడు. నెలకు ఒకసారి కూడా వెళ్లి చూడలేనంత దూరంలో చిన్నపిల్లవాణ్ని వదలడం కంటే, చదువు తక్కువైనా ఇంట్లో ఉంచుకోవడం మంచిది. వినికిడి లోపం ఉన్న పిల్లల విషయంలో మాత్రం ఈ మాట అలాగే వర్తించదు. దాని గురించి కింద రాశాను.

## టీచరు ఇంటికి వచ్చే గృహ ఆధారిత విద్య

మంచం మీద నుంచి కదలలేని పిల్లలకు, బహుళ వైకల్యాలు ఉన్నవారికి ఉద్దేశించిన ఏర్పాటు ఇది. బడి రిజిస్టరులో పేరు ఉంటుంది. ఐఈఆర్పీ వారానికి ఒక రోజు, చాలా చోట్ల శనివారం, ఇంటికి వస్తారు. 2020 జాతీయ విద్యావిధానం కూడా బడికి వెళ్లలేనంత తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలకు ఈ మార్గం కొనసాగాలని చెప్పింది.

వారానికి ఒక్క రోజు వచ్చే టీచరు పిల్లవాడికి నేర్పగలిగేది చాలా తక్కువ. ఆమె చేతనైనది మనకు నేర్పడం. మా బంధువుల ఇంట్లో సెరెబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కండరాలు, కదలికలు అదుపులో లేని స్థితి) ఉన్న పాప కోసం టీచరు వచ్చిన నాడల్లా తల్లి పక్కకు వెళ్లి వంట చేసుకునేది, టీచరు అరగంట పాటలు పాడి వెళ్లేది. ఒక రోజు టీచరే, "అక్కా, మీరు వచ్చి కూసోండ్రి. నేను పోయినంక ఆరు రోజులు మీరే కదా చేయాలె" అని కూర్చోబెట్టింది. అన్నం పెట్టేటప్పుడు పాపను పడుకోబెట్టకుండా, గోడ మూలకు దిండ్లు ఆనించి కూర్చోబెట్టి, తల కొద్దిగా ముందుకు వంచి ఎలా తినిపించాలో ఆ రోజు చూపించింది. అంతవరకు ప్రతి పూటా పొలమారుతూ దగ్గే పాపకు ఆ దగ్గు బాగా తగ్గింది. కాబట్టి ఈ మార్గం ఎంచుకున్నవారు టీచరు వచ్చే వేళను తమ శిక్షణ వేళగా భావించాలి, ఆ గంటలో పొయ్యి మీద ఏమీ పెట్టుకోకూడదు.

## పూర్తిగా ఇంట్లో, తల్లిదండ్రుల చేతుల మీదుగా

అన్నిటికంటే ఎక్కువ స్వేచ్ఛ, అన్నిటికంటే ఎక్కువ శ్రమ ఉన్న మార్గం ఇదే. నేను రెండేళ్లు నడిచిన దారి కాబట్టి దీని గురించి కొంచెం వివరంగా రాస్తాను.

ఇంట్లో చదువు అనగానే బల్ల, పలక, పుస్తకం గుర్తుకు వస్తాయి. మొదటి ఆరు నెలలు నేనూ పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా బడి నడిపినట్టే నడిపాను. వాడు బల్ల కిందికి దూరేవాడు, నేను కేకలేసేదాన్ని. ఆ తర్వాత పద్ధతి మార్చాను. కూర్చోబెట్టి చెప్పేది రోజుకు రెండుసార్లు, ఒక్కొక్కసారి ఇరవై నిమిషాలు. మిగతాదంతా ఇంటి పనుల్లోనే.

చొక్కా గుండీల సంగతి చెబుతాను. మొదట మా వీధి చివరి దర్జీ చేత ఒక పాత చొక్కాకు కోటు గుండీల వంటి పెద్ద గుండీలు కుట్టించి, కాజాలు వెడల్పు చేయించాను. పై గుండీ నుంచి కింది దాకా అన్నీ నేనే పెట్టి, ఆఖరి గుండీని సగం వరకు కాజాలోంచి దూర్చి వదిలేసేదాన్ని. వాడు చేయవలసింది బయటికి వచ్చిన ఆ సగాన్ని పట్టి లాగడమే. లాగగానే చొక్కా వేసుకోవడం పూర్తయ్యేది, వాళ్ల నాయనమ్మ చప్పట్లు కొట్టేది. పనిని చిన్న చిన్న అడుగులుగా విడదీసి, ఆఖరి అడుగును ముందుగా నేర్పి వెనక్కి రావడం అనే ఈ పద్ధతిలో పిల్లవాడు ప్రతిసారీ పనిని ముగించిన తృప్తితో లేస్తాడు. మొదటి గుండీకి ఐదు వారాలు పట్టింది, రెండవదానికి రెండు వారాలు. దసరా నాటికి మామూలు చొక్కా తానే వేసుకుని జమ్మి చెట్టు దగ్గరికి వచ్చాడు.

లెక్కలు కూడా అలాగే వచ్చాయి. మక్క గింజలు, శనగలు, పెసలు కలిపి పళ్లెంలో పోసి వేరు చేయించాను. బతుకమ్మ రోజుల్లో తంగేడు పూలు ఒక గుట్టగా, రంగులద్దిన గునుగు పూలు ఒక గుట్టగా పెట్టించి, తాంబాళంలో ఒక వరుస పసుపు, ఒక వరుస ఎరుపు పేర్పించాను. తర్వాతి వరుస ఏ రంగో వాడే చెప్పడం మొదలుపెట్టిన రోజున మా అత్తమ్మ ఆ బతుకమ్మను ఎవరినీ ముట్టనివ్వలేదు.

ప్రతి పనికీ నోటుపుస్తకంలో ఒక గుర్తు పెట్టేదాన్ని: తానుగా చేస్తే 'తా', మాట చెబితే చేస్తే 'మా', చేయి పట్టి చేయిస్తే 'చే', చేయకపోతే 'లే'. వారానికి ఒక పేజీ. ఈ పుస్తకం లేకపోతే నేను ఎప్పుడో నిరాశపడి ఆపేసేదాన్ని. రోజూ పక్కన ఉండే మనిషికి పిల్లవాడిలో మార్పు కనిపించదు. రెండు నెలల కిందటి పేజీ తిప్పి చూస్తే 'చే'లు 'మా'లుగా మారడం కనిపిస్తుంది. తర్వాత స్పీచ్ థెరపిస్టుకూ, బడి హెచ్ఎంకూ నేను చూపించిన మొదటి కాగితం కూడా ఇదే.

ఇక ఈ మార్గంలోని కష్టం. వాడు నాతో తప్ప ఎవరితోనూ పని చేయని స్థితికి వచ్చాడు. నేను జ్వరంతో పడుకున్న వారం రోజులు ఇంట్లో ఎవరు పెట్టినా అన్నం తినలేదు. బయటి పిల్లలను చూస్తే నా కొంగు వెనక దాక్కునేవాడు. నా మట్టుకు నాకు మనుషులతో మాట్లాడడమే తగ్గిపోయింది. ఒక్క మనిషి మీదే నిలబడిన చదువుకు ఉండే ఈ ప్రమాదాన్ని ఎవరూ నాకు ముందుగా చెప్పలేదు, అందుకే గట్టిగా చెబుతున్నాను. ఇంట్లో నేర్పేవారు ఇద్దరు లేకుండా, వారానికి మూడు రోజులైనా తోటి పిల్లల మధ్య గడిపే ఏర్పాటు లేకుండా, ఈ మార్గాన్ని ఏడాదికి మించి కొనసాగించకూడదు. తీవ్రంగా జబ్బు చేసి కోలుకుంటున్న పిల్లలకు, బడిలో దెబ్బలు తిని భయపడిపోయిన పిల్లలకు ఆరు నెలలో ఏడాదో ఇల్లే మందు. అది వేరే సంగతి.

పరీక్షల విషయానికి వస్తే, ఇంట్లో చదివేవారికి ఓపెన్ స్కూలు, అంటే రోజూ బడికి వెళ్లకుండానే చదివి పరీక్షలు రాసే ఏర్పాటు, మంచి దారి. జాతీయ ఓపెన్ స్కూలు సంస్థ ఎన్ఐఓఎస్‌లో మూడవ, ఐదవ, ఎనిమిదవ తరగతులకు సమానమైన మూడు స్థాయిలు ఉన్నాయి. పద్నాలుగేళ్లు నిండితే పదవ తరగతి స్థాయిలో చేరవచ్చు. ఒక భాషతో కలిపి ఐదు సబ్జెక్టులు చాలు, లెక్కలు తప్పనిసరి కాదు, గృహవిజ్ఞానం, చిత్రలేఖనం, డేటా ఎంట్రీ వంటివి ఎంచుకోవచ్చు. ఒకసారి చేరితే ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు ఉంటాయి. ఏడాదికి ఒక్క సబ్జెక్టు చొప్పున రాసినా సరిపోతుంది. రాష్ట్ర ఓపెన్ స్కూలు సొసైటీకి మన జిల్లాల్లోని ఉన్నత పాఠశాలల్లోనే అధ్యయన కేంద్రాలు ఉన్నాయి, దగ్గర కావాలనుకునేవారికి అది వీలు. రెండింట్లోనూ పరీక్ష రాసిపెట్టే సహాయకుణ్ని, అదనపు సమయాన్ని అడగవచ్చు. తెలుగు మాధ్యమంలో మీకు కావలసిన సబ్జెక్టు ఉందో లేదో చేరేముందే చూసుకోవాలి.

## సగం బడి, సగం ఇల్లు

ఇప్పుడు మేము ఉన్న మార్గం ఇది. పేరు సర్కారు బడిలో. ప్రార్థన నుంచి మధ్యాహ్న భోజనం దాకా అక్కడ. వారానికి రెండు రోజులు భవిత. మధ్యాహ్నం నిద్ర లేచాక ఇంట్లో గంటసేపు నాతో, రాత్రి అరగంట వాళ్ల నాన్నతో. దీనికి విడిగా పథకం పేరేమీ లేదు, హెచ్ఎంతో మాట్లాడుకుని చేసుకునే ఏర్పాటు. అందుకే హెచ్ఎం బదిలీ అయితే మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవలసి వస్తుంది. బడికీ ఇంటికీ మధ్య ఒక చిన్న పుస్తకం తిరగాలి; బడిలో 'ఐదు వరకు లెక్క' నడుస్తుంటే ఇంట్లో నేను పదిహేను చెప్పడం వల్ల వాడు తికమక పడిన నెలలు ఉన్నాయి. ఇన్ని చిక్కులున్నా, నడవగల, కొంతైనా చెప్పింది అర్థం చేసుకోగల పిల్లల్లో ఎక్కువమందికి నేను సూచించేది ఇదే.

| మార్గం | బరువు ఎవరి మీద | తోటి పిల్లలు | ఎక్కువగా కుదిరేది |
|---|---|---|---|
| పక్క బడి, భవిత | టీచరు, కొంత ఇల్లు | పుష్కలం | స్వల్ప లోపం, చూపు తక్కువ, నేర్చుకోవడంలో ఇబ్బంది ఉన్నవారు |
| ప్రత్యేక పాఠశాల | పాఠశాల | తనలాంటివారు | మధ్యస్థ, తీవ్ర లోపం. దగ్గరలో మంచి బడి ఉన్నవారు |
| టీచరు ఇంటికి వచ్చేది | దాదాపు అంతా ఇల్లు | లేరు, పిలిపించుకోవాలి | కదలలేని, బహుళ వైకల్యాలు ఉన్నవారు |
| పూర్తిగా ఇల్లు | ఒకరిద్దరు పెద్దవాళ్లు | తక్కువ | కొద్ది కాలానికి. ఓపెన్ స్కూలు పరీక్షలు రాసే పెద్ద పిల్లలు |
| సగం సగం | టీచరు, ఇల్లు సమానంగా | తగినంత | నడవగల, సూచనలు అర్థమయ్యే పిల్లలు |

## లోపాన్ని బట్టి మారే సలహా

పట్టికలో ఇమడని సంగతులు కొన్ని ఉన్నాయి. చెవి వినబడని పిల్లవాణ్ని ఇంట్లో ఉంచడం అన్నిటికంటే పెద్ద పొరపాటని నేను నమ్ముతాను. ఇంట్లో ఎవరికీ సంజ్ఞా భాష రాదు. పిల్లవాడు నలుగురి మధ్య ఉండి కూడా భాష లేకుండా పెరుగుతాడు. వినికిడి యంత్రం గానీ, ఆపరేషన్ చేసి చెవి లోపల అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ గానీ ఎంత చిన్న వయసులో అమరితే అంత మేలు. అది కుదరనివారికి సంజ్ఞా భాష మాట్లాడే పిల్లలున్న బడి, అవసరమైతే వసతి బడి అయినా, తప్పనిసరి. చూపు లేని పిల్లల విషయంలో బ్రెయిలీ కూడా అలాంటిదే. తల్లిదండ్రులు నేర్చుకుంటే ఇంట్లో చెప్పవచ్చు గానీ, నేర్చుకునేలోగా పిల్లవాడి కాలం గడిచిపోకూడదు.

చదువులో అక్షరాలు తారుమారయ్యే ఇబ్బంది ఉన్న పిల్లవాడు తెలివితేటల్లో ఎవరికీ తీసిపోడు. అతన్ని ఇంట్లో కూర్చోబెట్టడం అన్యాయం. బడిలోనే ఉంచి, సాయంత్రం పూట నెమ్మదిగా, ధ్వనుల వారీగా చదివించాలి.

ఇతరులతో కలవడం, మాట్లాడడం కష్టమయ్యే ఆటిజం ఉన్న పిల్లల విషయంలో జవాబు ఒక్కటి ఉండదు. కొందరు బడి గంట మోగితే చెవులు మూసుకుని నేల మీద పడిపోతారు. అలాంటివారికి కొన్ని నెలలు ఇంట్లోనే, రోజులో ఏ పని తర్వాత ఏ పనో బొమ్మలతో గోడకు అతికించి, అది అలవాటయ్యాక బడిలో మొదట పది నిమిషాలు, తర్వాత అరగంట, అలా పెంచుకుంటూ పోవడం మంచిది. ప్రార్థన అయిపోయాక, గంట మోగని వేళ చూసుకుని తీసుకువెళ్లాలి.

ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, మానసిక ఎదుగుదల లోపం, బహుళ వైకల్యాలు ఉన్నవారు ఏ మార్గంలో ఉన్నా, 1999లో చేసిన చట్టం కింద ఏర్పడిన నేషనల్ ట్రస్టు వారి నిరామయ బీమాలో పేరు నమోదు చేయించాలి. ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులకు అది వర్తిస్తుంది, అందులో థెరపీలకు కూడా కొంత ఉంది. ఇంట్లో చదివించేవారికి థెరపీ ఖర్చే పెద్దది కాబట్టి ఇది వారికి మరీ అవసరం.

## నిర్ణయం ఎప్పుడు, ఎలా

జూన్‌లో ఆలోచించడం మొదలుపెడితే ఆలస్యమైనట్టే. జనవరిలో మదింపు, ఫిబ్రవరి, మార్చిలో రెండు మూడు బడులు చూడడం, ఏప్రిల్‌లో ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోవడం, ఇది మేము పాటిస్తున్న వరుస. ఆ మాటల్లో పిల్లవాడి అక్కాచెల్లెళ్లు కూడా ఉండాలి. ఏ నిర్ణయమైనా ఒక ఏడాదికే తీసుకోవాలి. డిసెంబరులో ఒకసారి నోటుపుస్తకం తిరగేసి, 'లే'లు ఎక్కువైన చోట మార్గం మార్చుకోవడానికి సంకోచించకూడదు.

ఏ మార్గం ఎంచుకున్నా బడి రిజిస్టరులో పేరు మాత్రం తీయించవద్దు. ప్రైవేటు బడి వారు టీసీ చేతిలో పెట్టిన రోజున నేను దాన్ని బీరువాలో దాచిపెట్టి, రెండేళ్లు ఏ బడిలోనూ చేర్చలేదు. ఆ రెండేళ్లు ఉపకరణాల శిబిరానికి గానీ భవిత ఫిజియోథెరపీకి గానీ మాకు పిలుపు రాలేదు, ఎందుకంటే అలాంటి పిల్లవాడు ఒకడున్నాడని ఏ జాబితాలోనూ లేదు. టీసీ ఇచ్చిన వారంలోనే పక్క సర్కారు బడికి వెళ్లి చేర్చాలి. వెళ్లేటప్పుడు ఆధార్, పుట్టిన తేదీ ధ్రువపత్రం, సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) లేదా యూడీఐడీ కార్డు (వైకల్య గుర్తింపు కార్డు), మదింపు నివేదిక, నాలుగు ఫోటోలు, వాటితో పాటు 'తా, మా, చే, లే' గుర్తులున్న నోటుపుస్తకం తీసుకువెళ్లండి. పిల్లవాణ్ని కూడా వెంట తీసుకువెళ్లండి, హెచ్ఎం గదిలో కూర్చున్నంతసేపూ వాడి చేతికి పని ఉండేలా ఏదైనా ఇవ్వండి. మా వాడికి నేను పెసలు, శనగలు కలిపిన డబ్బా ఇచ్చాను. మేము మాట్లాడుకుని లేచేసరికి రెండూ వేరువేరు కుప్పలుగా హెచ్ఎం బల్ల మీద ఉన్నాయి.